లోహవనం ఏడో భాగానికి పదికి ఎన్ని?

ఇంట్లో ఆమెను అందరూ అఖండం అని పిలిచేవారు. ఆ బిరుదిచ్చినవాడు మేనమామ. వీడియో గేము ముందు ఒకసారి కూర్చున్నదంటే అది ముగిసేదాకా ఆమె లేవదు, పిలిస్తే పలకదు, పలికినా ఆ పలుకుకు ఈ లోకంతో సంబంధం ఉండదు. తల్లి పెట్టిన అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీలో క్షేమంగా ఉంది.

ఆ ఆఫీసు మిక్సీలూ బట్టలుతికే యంత్రాలూ చేసే కంపెనీది. యంత్రంతోపాటు అట్టపెట్టెలో వచ్చే సూచనల పుస్తకం రాయడం అఖండం పని. "జారు తిరుగుతుండగా మూత తీయరాదు" అనే ఒక్క ధర్మసూక్ష్మాన్ని ఆమె విధవిధాలుగా, చిన్న అక్షరాల్లోనూ పెద్ద అక్షరాల్లోనూ, చివరికి పక్కన పుర్రెబొమ్మ వేయించి కూడా బోధించింది. మూత తీసినవాళ్ళ ఫిర్యాదులు మాత్రం ఏ నెలా ఆగలేదు. తన రాతను చదివిన మానవుడు ఎక్కడో ఒకడుంటాడన్న ఆశను ఆమె మెల్లగా వదులుకుంది. వైరాగ్యం రెండు విధాలు. ఒకటి కొండెక్కిస్తుంది, రెండోది వేరే ఉద్యోగం వెతికిస్తుంది. అఖండానికి పట్టుకున్నది రెండోది.

ఆమె కోరిన ఉద్యోగం వీడియో గేముల మీద సమీక్షలు రాయడం.

ఈ కోరికకు బీజం వేసింది లోహవనం. అది ఒక ఆట. అప్పటికి ఆరు భాగాలు వచ్చాయి. అందులో చెట్లన్నీ ఇనుపవి, ఆకులన్నీ తుప్పువి. చేతిలో లాంతరూ నడుములో చిన్న కత్తీ తప్ప దిక్కులేని ఒక బాటసారిని మనం నడిపించాలి. ఆ అడవికి ద్వారాలుంటాయి, ద్వారానికొక కావలివాడుంటాడు, వాడు మేడంత ఎత్తుంటాడు, వాడి గొడ్డలి బాటసారిని చంపుతుంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ చంపుతుంది. ఒక్కొక్క ద్వారం దాటడానికి రోజులకు రోజులు పట్టేది. ఇంతటి అవమానాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు లోకంలో కొల్లలుగా ఉన్నారు. వాళ్ళు తమను తాము పరివారం అని చెప్పుకుంటారు. ఆటను రూపొందించిన మనిషిని పెద్దాయన అంటారు. పెద్దాయన ఎవరికీ కనిపించడు, ఎవరితోనూ మాట్లాడడు. భక్తులకు ఒక సౌకర్యముంది: దేవుడు మాట్లాడితే దాన్ని ఉపదేశమంటారు, మాట్లాడకపోతే మౌనోపదేశమంటారు. ఎటూ నష్టం లేదు.

పరివారానికి ఇంటర్నెట్లో ఒక చర్చావేదిక ఉంది. దాని అధ్యక్షుడు అఖండం మేనమామే. ఆయన వృత్తి పళ్ళసెట్లు చేయడం. పగలంతా ఊరివాళ్ళ దవడలు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి పెద్దాయన కీర్తిని కాపాడేవాడు. పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇంట్లోనే ఉంటాడు. ఆ అక్క, అంటే అఖండం తల్లి, ఆసుపత్రిలో నర్సు. ఇంటికి నిద్రపోవడానికే వస్తుంది. వీళ్ళందరి మీదా అమ్మమ్మ.

అఖండం దరఖాస్తు పెట్టుకున్న పత్రిక కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదుల్లో నడిచేది. కాగితం మీద అచ్చవడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు తెరమీదే చదవాలి. అక్కడి సమీక్షకుడు ఒక గేముల కంపెనీ ప్రచారశాఖలో చేరిపోయాడు. ఇన్నాళ్ళూ ఊరికే చేసిన పనిని ఇక జీతానికి చేస్తాడని ఆఫీసులో అనుకున్నారు. ఖాళీ అయిన ఆ ఒక్క కుర్చీకి ఇద్దరు అభ్యర్థులు మిగిలారు. చెరొక గేమూ ఇచ్చి సమీక్ష రాయించి, బాగా రాసినవాళ్ళను తీసుకోవాలని సంపాదకుడి ఆలోచన. రెండో అభ్యర్థికి ఒక ఫుట్‌బాల్ గేము దక్కింది. అఖండానికి లోహవనం ఏడో భాగం దక్కింది.

ఇందులో దైవసంకల్పం కన్నా ఆఫీసు అవసరమే ఎక్కువ. సంపాదకుడి చేతులకు వణుకు. ఉపసంపాదకురాలికి ఓపిక తక్కువ. ఆ కావలివాళ్ళ జోలికి పోయేవాళ్ళు అక్కడెవరూ లేరు. బజారులోకి రాకముందే కంపెనీవాళ్ళు పత్రికలకు ఆట పంపుతారు. ఒక ముహూర్తం పెడతారు. ఆ ఘడియ వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. వచ్చాక అన్ని పత్రికలూ ఒక్కసారిగా కూస్తాయి.

"ఈ కాపీ సంగతొకటి చెప్పాలమ్మా," అన్నాడు సంపాదకుడు డిస్కు అందిస్తూ. "ఇది బజారులోకి వచ్చేది కాదు, మనకోసం పంపింది. మొదలుపెట్టే ముందు నువ్వు..."

అఖండం రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.

"వద్దు సార్! ఒక్క ముక్క కూడా చెప్పకండి!"

"కథ చెప్పట్లేదమ్మా. లోపల ఒకటి మార్చుకోవాలి, అదీ..."

"లోపలా వద్దు, బయటా వద్దు సార్. ఆరు భాగాలూ ఏమీ తెలియకుండానే మొదలుపెట్టాను. ఇది కూడా అలాగే ఆడతాను."

సంపాదకుడు ఉపసంపాదకురాలి వైపు చూశాడు. ఆమె తన తెరమీంచి కళ్ళెత్తకుండానే, "పరివారం వాళ్ళంతా ఇంతే సార్. గంతలు కట్టుకుని సినిమాకెళ్ళే రకం. వదిలేయండి," అంది.

ఆయన వదిలేశాడు. మీట నొక్కేముందు చెప్పేది వినండి మహాప్రభో అని ఏళ్ళ తరబడి లోకానికి మొరపెట్టుకున్న మనిషి, చెవులు మూసుకునే మెట్లు దిగింది.

అఖండం ఆఫీసుకు సెలవు పెట్టి హాల్లో టీవీ ముందు చాప పరుచుకుంది. పక్కనే కుర్చీలో అమ్మమ్మ. అమ్మమ్మకు ఆటలంటే ఆసక్తి లేదు. కానీ ఆ హాలు ఆమెది, కుర్చీ ఆమెది, కళ్ళెదుట ఏం జరిగినా విచారించే హక్కూ ఆమెదే. మామయ్య మాత్రం తన వంతు వచ్చేదాకా ఏదీ చెవిన పడకూడదని, చెవుల్లో దూది కుక్కుకుని, గోడవైపు మొహం తిప్పుకుని హాలు దాటేవాడు.

మొదటి ద్వారం దగ్గర కావలివాడు గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. అఖండం బాటసారిని పక్కకు దూకించింది. కావలివాడు కదల్లేదు. వెనక్కు దూకించింది. కదల్లేదు. చెట్టుచాటున నక్కి తొంగిచూసింది.

"వాడేం చేశాడే?" అని అడిగింది అమ్మమ్మ.

"ఇంకా ఏమీ చేయలేదు అమ్మమ్మా. అదే భయం."

"చేయనివాడికి భయపడ్డమేంటే?"

"నీకు తెలీదు. మూడో భాగంలో ఒకడు ఇలాగే బొమ్మలా నిలబడి, నేను తలుపు ముట్టుకోగానే నరికాడు."

ఆ పూటంతా ఆమె తగలని దెబ్బలను తప్పించుకుంటూ గడిపింది. చెమటలు పట్టాయి. వేళ్ళు నొప్పెట్టాయి. కావలివాడు ధ్యానంలో ఉన్నట్టే ఉన్నాడు. చివరికి అమ్మమ్మకు విసుగొచ్చింది.

"వాడు నిన్ను ఒక్క మాటన్నా అనలేదు. నువ్వే కోతిలా గెంతుతున్నావు. కాసేపు కుదురుగా నిలబడి వాడి మొహం చూడు. పాపం, ఎప్పుడు తిన్నాడో ఏమో."

అఖండం బాటసారిని నిలబెట్టి, లాంతరు పైకెత్తి, మొదటిసారిగా కావలివాడి మొహం చూసింది. ఎడమ కంటి కింద సన్నని తుప్పుచార ఉంది. కన్నీరు కారి కారి ఇనుము తిన్న గుర్తు అది. ఆరు భాగాల్లో ఎన్ని వందలసార్లు వీళ్ళ చేతుల్లో చచ్చిందో లెక్కలేదు. ఒక్కరి మొహమైనా చూసింది లేదు, చూడ్డానికి ఆగినవాళ్ళు బతకరు గనుక. ఆమె కత్తిని ఒరలో పెట్టింది. తలుపు తోస్తే తెరుచుకుంది.

భక్తి ఉన్నచోట భాష్యం దానంతటదే పుడుతుంది. రెండో ద్వారం దాటేసరికి అఖండానికి విషయం బోధపడింది: ఆరు భాగాలపాటు చంపించి, చంపి, అలసిపోయిన పెద్దాయన, ఏడోదానిలో యుద్ధాన్నే ఉపసంహరించాడు. మూడో ద్వారం దగ్గర ఆమె కావలివాడి పాదాల పక్కన కూర్చుని తుప్పు రాలే చప్పుడు వింది. ఎన్నడూ వినని చప్పుడది. చిట్టచివరి ద్వారం దగ్గర లాంతరు దానంతటదే ఆరిపోయింది. అఖండం ఏడ్చింది. అమ్మమ్మ కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మంచి ఆటే," అంది అమ్మమ్మ. "ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు."

ఆ సమీక్ష రాసేటప్పుడు అఖండం వాక్యాలు ఇనుపగొలుసు నుంచి విడిపించిన ఏనుగుల్లా నడిచాయి. గొడ్డలి ఎత్తని కావలివాడికన్నా గొప్ప శత్రువు లేడనీ, ఇన్నాళ్ళూ మనం దాటింది ద్వారాలను కాదు, చూడకుండా వదిలేసిన మొహాలననీ రాసింది. పదికి పది వేసింది. పంపిన మర్నాడే సంపాదకుడు ఫోన్ చేశాడు.

"చదివానమ్మా. ఇంతవరకూ మన పత్రిక ఎవరికీ పది ఇవ్వలేదు. నీ మాట మీద ఇస్తున్నాం. ఎల్లుండి పొద్దున ముహూర్తం. ఉద్యోగం విషయం... ఇక వేరే చెప్పాలా?"

అఖండం ఫోన్ పెట్టేసి నిద్రలో ఉన్న తల్లిని లేపి చెప్పింది. తల్లి, "జ్వరం ఎంతుంది?" అని అడిగి మళ్ళీ పడుకుంది.

వంతు వచ్చిన మామయ్య చెవుల్లోంచి దూది తీసి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని టీవీ ముందు కూర్చున్నాడు. చూపు మందగించినప్పటి నుంచీ ఆయనకొక అలవాటుంది: ఏ ఆట పెట్టినా ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి అక్షరాలు పెద్దవి చేసుకుంటాడు. వెళ్ళాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. వాటితోపాటు కింద ఉన్న ఇంకో వరుస కూడా పెద్దదై కనిపించింది.

"ఇదేంటే? 'సమీక్షకుల సౌకర్యార్థం: కావలివాళ్ళు నిద్రావస్థ.' పక్కన టిక్కు పెట్టుంది. నువ్వు పెట్టావా?"

అఖండం వంటింట్లోంచి వచ్చి చూసింది. చూస్తూనే ఉంది.

"నేనేమీ పెట్టలేదు మామయ్యా."

"అయితే తీసేస్తున్నా. నిద్రపోయేవాళ్ళతో నాకేం పని?"

టిక్కు తీసేశాడు. మొదటి ద్వారం దగ్గరికి నడిచాడు. కావలివాడు తలెత్తాడు, గొడ్డలెత్తాడు, బాటసారిని నిలువునా రెండు ముక్కలు చేశాడు.

"చచ్చాను!" అన్నాడు మామయ్య పరమానందంతో. "అబ్బా! ఎన్నాళ్ళకి!"

అమ్మమ్మ కళ్ళజోడు సరిచేసుకుంది. "అదేంట్రా? వారమంతా బుద్ధిమంతుడిలా ఉన్నాడు కదా. నువ్వేమన్నావు వాణ్ణి?"

అఖండం చాపమీద కూలబడింది. కాపీలో మార్చుకోవాల్సిందేదో ఉందని సంపాదకుడు చెప్పబోయింది ఇదే. తక్కువ తీరికలో ఎక్కువ చూడాల్సిన సమీక్షకుల కోసం, అడవంతా ఒకసారి చుట్టిరావడానికి కంపెనీవాళ్ళు కావలివాళ్ళను నిద్రపుచ్చి పంపారు. చుట్టి చూశాక టిక్కు తీసేసి ఆడాలి. పెద్దాయన అహింసావ్రతమేదీ పట్టలేదు. ఆమె పదికి పది వేసింది ఒక వెసులుబాటుకు.

మర్నాడు పొద్దున్నే ఆమె కళ్ళజోళ్ళ దుకాణం మెట్లెక్కి జరిగింది జరిగినట్టు చెప్పింది. సంపాదకుడు సమీక్షను తెరమీద మళ్ళీ తెరిచి, మళ్ళీ చదివాడు.

"కావలివాడు కొట్టడు అని రాశావు. నేను అలంకారమనుకున్నాను."

"అలంకారం కాదు సార్. నిజంగానే కొట్టలేదు."

"ఆ రోజు చెప్పబోయానమ్మా."

"తెలుసు సార్."

"చెవులు మూసుకున్నావు."

"తెలుసు సార్."

ఆయన నిట్టూర్చాడు. "పోనీ, ఇలాగే వేసేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"కొన్నవాళ్ళందరికీ సార్. మొదటి నిమిషంలోనే."

ఉపసంపాదకురాలు కుర్చీ ఇటు తిప్పింది. "దీనికింత మథనం దేనికి? మధ్యలో గొడ్డలి దెబ్బల గురించి రెండు పేరాలు ఇరికిద్దాం. పదిని తొమ్మిది చేద్దాం. మిగతాదంతా అందంగానే ఉంది, ఉండనీ. రేపు ముహూర్తానికి అందరితోపాటు మనమూ వేస్తాం. కుర్చీ నీది."

"లేదంటే మళ్ళీ ఆడాలి," అన్నాడు సంపాదకుడు. "మనం వారం వెనకబడతాం. వారం తర్వాత వచ్చే సమీక్ష చల్లారిన కాఫీ. పైగా ఆ ఫుట్‌బాల్ సమీక్ష నా బల్ల మీదే ఉంది, బాగానే ఉంది. అప్పుడు నేను మాటివ్వలేను. ఆలోచించుకో."

"చూడని దెబ్బల గురించి ఎలా రాయమంటారు సార్?"

"ఆరు భాగాల్లో తిన్నావు కదమ్మా?"

"ఆ దెబ్బలు వేరు సార్."

దీన్ని సత్యనిష్ఠ అనుకుంటే అఖండాన్ని అతిగా పొగిడినట్టవుతుంది. ఆమె లెక్క వేరు. నిద్రపోతేనే అంత గొప్పగా ఉన్న ఆట, మేలుకుంటే ఇంకెంత గొప్పగా ఉండాలి? ఆ పది ఎటూ పోదు. ఈసారి న్యాయంగా వస్తుంది. అందుకే చేతిదాకా వచ్చిన కుర్చీని అక్కడే వదిలి, మిగిలిన సెలవులన్నీ ఊడ్చిపెట్టి, మళ్ళీ చాప పరుచుకుంది.

మొదటి కావలివాడు ఆమెను చంపాడు. ఆమె సంతోషించింది. రెండోసారీ చంపాడు. మూడోసారి దాటేసింది. అంత తొందరగా దాటగలగడం ఆమెకే నచ్చలేదు. రెండో ద్వారం ఇంకా తొందరగా తెరుచుకుంది. మూడో ద్వారం దగ్గర చేతులు ఆమె చెప్పకుండానే పని చేసుకుపోతుంటే, ఆటను ఆపి ఆలోచించింది. ఈ కావలివాడు ఎడమ మోకాలు కొద్దిగా వంచి అడుగేస్తాడు. మూడడుగులు వేసి నాలుగో అడుగుకు ముందు భుజం దించుతాడు. ఈ నడక ఆమెకు తెలుసు. రెండో భాగంలో రేవు దగ్గర కావలివాడి నడక ఇది. వాడికి కొత్త శిరస్త్రాణం పెట్టి, కొత్త రంగేసి ఇక్కడ నిలబెట్టారు. నాలుగో ద్వారంలో గొడ్డలి తిరిగే తీరు నాలుగో భాగంలోది. ఆరు భాగాలూ కంఠస్థమైనవాళ్ళకు ఏడో భాగం పునశ్చరణ.

నిద్రపోయినవాడికి నడక ఉండదు. అందుకే మొదటిసారి ఆమె గుర్తుపట్టలేదు.

అంతకన్నా బాధించింది ఇంకొకటి. ఎడమ కంటి కింద తుప్పుచార అలాగే ఉంది. ఎవరో ఒక శిల్పిలాంటివాడు దాన్ని ఎన్నాళ్ళో కూర్చుని చెక్కాడు. కానీ గొడ్డలి పైన ఆడుతుంటే దాన్ని చూసే వీలే లేదు. తుప్పు రాలే చప్పుడు యుద్ధభేరి కింద పడి వినిపించదు. మొహం చెక్కినవాడూ యుద్ధం కూర్చినవాడూ ఒకరినొకరు ఎన్నడూ పలకరించుకోలేదని ఆమెకు అర్థమైంది. చివరి ద్వారం దగ్గర లాంతరు ఆరింది. కన్ను తడి కాలేదు.

అమ్మమ్మ ఎప్పుడో కుర్చీని కిటికీ వైపు తిప్పేసుకుంది. "ఆ పాత ఆటే బాగుందే," అంది వీధిని చూస్తూ. "అది పెట్టరాదూ?"

ఈలోగా ముహూర్తం వచ్చింది, వెళ్ళింది. మిగతా పత్రికలన్నీ తొమ్మిదులూ పదులూ కురిపించాయి. ఆట బజారులోకి వచ్చింది. మామయ్య రెండు కొన్నాడు. ఒకటి ఆడటానికి, ఒకటి సీలు విప్పకుండా దాచుకోవడానికి. చర్చావేదికలో జయజయధ్వానాలు మిన్నంటాయి. సమీక్షలో ఏం రాయబోతోందో ఆయనకు పరాయివాళ్ళ ద్వారా తెలియడం మర్యాద కాదని అఖండం తానే వెళ్ళి చెప్పింది. ఆయన అప్పుడు ఎవరిదో కిందిదవడ సెట్టుకు మెరుగుపెడుతున్నాడు.

"ఆరా?"

"ఆరు."

"ఎన్నిటికి?"

"పదికే మామయ్యా."

మామయ్య దవడను బల్లమీద పెట్టాడు. "పెద్దాయనకి ఆరు వేయడానికి నీకు చేతులెలా వచ్చాయే? ఎవరు పెంచారు నిన్ను?"

"నువ్వే. మూడో ద్వారం వాడి నడక ఎక్కడిదో చెప్పు."

మామయ్య దవడను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "రెండో భాగం రేవు కావలివాడిది."

"ఎడమ మోకాలు?"

"ఎడమ మోకాలే. మొదటిరోజే కనిపెట్టాను. అయితే ఏంటి?"

"తెలిసి కూడా వేదికలో పదికి పది రాశావు!"

"నేను భక్తుణ్ణి. భక్తుడు పదే వేస్తాడు. నువ్వూ మా మనిషివే కదా. ఇంట్లో కూర బాగాలేకపోతే వీధిలో చాటింపేస్తావా?"

"ఆ కూరను వీధిలో పెట్టి అమ్ముతుంటే వేస్తాను. కొరకని పళ్ళసెట్టు చేసిస్తే, బాగుందని ఊరుకోమంటావా నీ దగ్గరికొచ్చేవాళ్ళని?"

పక్కగదిలోంచి, నిద్రలో ఉందనుకున్న తల్లి గొంతు వినిపించింది. "కూర బాగాలేదన్నదెవరు?"

"ఎవరూ అనలేదక్కా!" అన్నాడు మామయ్య.

"అన్నవాళ్ళు రేపటి నుంచి వండుకోండి."

సంపాదకుడు ఈసారి సమీక్షను అఖండాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగాడు. "ఈ ఆటను నేను మొదటిసారి పొరపాటున కావలివాళ్ళను నిద్రపుచ్చి ఆడాను, ఆ ఆట దీనికన్నా మంచిది" అని ఉంది అక్కడ. మళ్ళీ చదువుతూ పోయాడు. మోకాలి సంగతి వచ్చినచోట ఇంకోసారి ఆగాడు. పాత భాగాన్ని పక్కనే పెట్టి, రెండు నడకలూ మార్చి మార్చి చూశాడు. వణికే చేతులతోనే మూడు విశేషణాలు కొట్టేశాడు. ఉపసంపాదకురాలు వెనకనుంచి తొంగిచూసి, "కంపెనీవాళ్ళు ఇక మనకి ఆటలు పంపరు," అంది.

"పంపకపోతే కొనుక్కుందాం," అన్నాడు ఆయన. తర్వాత అఖండం వైపు తిరిగాడు. "ఆరా, ఐదా?"

"ఆరు సార్."

"ఐదంటే ఇంకా ఎక్కువమంది చదువుతారు."

"ఆరే సార్. ఆ తుప్పుచార ఉంది కదా."

ఆయన ఫుట్‌బాల్ సమీక్షను సొరుగులో పెట్టాడు. "ఒకటో తారీకు నుంచి రా. కిటికీ పక్క కుర్చీ కొంచెం కుంటుతుంది, చూసుకుని కూర్చో."

ఆ సమీక్షను జనం చదివారు. మూత తీయరాదన్న వాక్యాన్ని జీవితంలో చదవని జనం, ఆరు అనే ఒక్క అంకెను ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చదివారు. చదివినవాళ్ళు ఉన్నారన్న సంగతి అఖండానికి తిట్ల రూపంలో తెలిసింది. కొందరు రాగం తప్పకుండా శాపాలు పెట్టారు. కొందరు ఆమె అసలు ఆడలేదన్నారు. ఒకరు మాత్రం మోకాలి సంగతి నిజమేనని రాసి, వెంటనే చెరిపేశారు. పెద్దాయన ఎప్పటిలాగే ఏమీ అనలేదు. పరివారాన్ని కించపరిచిన సభ్యులను వేదిక నుంచి తొలగించాలని నియమముంది. ఆ నియమం రాసినవాడు మామయ్య. తొలగించే అధికారం ఉన్నవాడు కూడా ఆయనొక్కడే. ఆయన హాల్లో, అఖండానికి రెండు బారల దూరంలో కూర్చుని, ఫోన్ను చాలాసేపు అలాగే చూసి, చివరికి నొక్కాడు. అఖండం ఫోన్ కిణుక్కుమంది. ఇద్దరూ తలెత్తలేదు.

ఆనాటి నుంచి మామయ్య ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఒకే బల్ల దగ్గర భోజనం కాబట్టి మాటలన్నీ అమ్మమ్మ మీదుగా వెళ్ళాల్సి వచ్చింది.

"అమ్మా, ఆ విలేకరి గారిని ఉప్పు ఇటు జరపమను."

అఖండం చేతిలో ముద్ద ఆగింది. ఆ మాటతో ఆమెను పిలిచినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. ఆఫీసులో కుర్చీ ఇచ్చారే గానీ ఆ పిలుపు ఇంకా ఇవ్వలేదు. ఆమె ఉప్పు జరిపింది.

"అమ్మా, ఇంకోటి. ఐదో ద్వారం దగ్గర కుడికి దూకాలా, ఎడమకి దూకాలా అని అడుగు విలేకరి గారిని. నాకు తెలీక కాదు. ఊరికే."

"కుడికా ఎడమకా చెప్పవే, నా కూడు చల్లారిపోతోంది."

"అసలు దూకొద్దను అమ్మమ్మా. వాడు ఆరో భాగంలో బావి దగ్గర కావలివాడే. వరసగా కొట్టి, ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతాడు. అప్పుడు పొడవమను."

"వింటున్నావుగా. ఆగమంటోంది."

మామయ్య ముద్ద నమిలాడు. "బావి దగ్గరవాడు రెండు దెబ్బలకే ఆగుతాడు. ఆ లెక్కనే పొడిచి నాలుగు రోజులుగా చస్తున్నానని చెప్పు."

"ఇక్కడ మూడు దెబ్బలు. అదొక్కటి మార్చారు. దానికి కూడా మార్కు వేశానని చెప్పు అమ్మమ్మా."

"నేనెవరికీ ఏమీ చెప్పను," అంది అమ్మమ్మ. "మీ ఇద్దరి మధ్యా నేనేమైనా టెలిఫోన్ తీగనా?"

మామయ్య కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. హాల్లోంచి గొడ్డలి చప్పుడు వినిపించింది. ఒకటి. రెండు. మూడు. కొంచెం నిశ్శబ్దం. ఆ తర్వాత ఇనుపతలుపు కిర్రుమంటూ తెరుచుకున్న చప్పుడు భోజనాల బల్లదాకా వచ్చింది. ఆనందంతో కేక వేస్తాడేమోనని ఇద్దరూ చూశారు. వేయలేదు.

"అమ్మా!" అని మాత్రం పిలిచాడు కాసేపటికి. "ఆరో ద్వారం గురించి ఆవిణ్ణేమీ చెప్పొద్దను. నేనే చూసుకుంటాను."

"ఏమేవ్," అనబోయింది అమ్మమ్మ.

"వినిపించింది," అంది విలేకరి.